రోజంతా నడిచేవారు ఫార్మల్ బూట్లు ఎంచుకోవడం ఎలా?

మందుల కంపెనీ ప్రతినిధులకూ, కోర్టు వరండాల్లో తిరిగే న్యాయవాదులకూ నల్లని తోలు బూట్లు తప్పవు. మెట్రో స్టేషను మెట్లు ఎక్కడం, పగిలిన ఫుట్‌పాత్‌ల మీద నడవడం, డాక్టరు గది ముందు గంటలకొద్దీ నిలబడడం అన్నీ వాటితోనే. అయినా దుకాణంలో చాలామంది చేసే పరీక్ష ఒక్కటే: లోపలి అట్టను బొటనవేలితో నొక్కి, మెత్తగా ఉంటే కొనేయడం. చవక స్పాంజి కొద్ది వారాల్లోనే అణగిపోతుంది. పాదానికి ఆసరా ఇచ్చేది మెత్తదనం కాదు, బూటు కట్టుబడి.

బూటు మడమను ఒక చేత్తో, ముందు కొసను మరో చేత్తో పట్టుకుని వంచి చూడండి. నడిచేటప్పుడు పాదం వేళ్ల మొదట్లో వంగుతుంది కాబట్టి బూటు కూడా అక్కడే వంగాలి. నడుమ వంగిందంటే, అరికాలి వంపు కింద ఉండవలసిన షాంక్ అనే గట్టి పట్టీ లేదనో, ఉన్నా బలహీనంగా ఉందనో అనుకోవచ్చు. తడిబట్టను పిండినట్టు మెలిపెడితే సులువుగా తిరిగిపోకూడదు. మడమ వెనుక గోడను రెండు వైపులా నొక్కితే లోపలికి కుంగకూడదు.

కొలత దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పాదాలు పొద్దుగూకేసరికి కొంత ఉబ్బుతాయి కనుక సాయంత్రమే, ఆఫీసుకు వేసుకునే మేజోళ్లతోనే వెళ్లి, నిలబడి రెండు పాదాలూ కొలిపించుకుని, పెద్దదానికి సరిపోయే జత తీసుకోవాలి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పాదం వెడల్పైనవారికి దుకాణంవారు ఒక నంబరు పెద్దది ఇచ్చి పంపడం మామూలే. యూకే కొలతలో ఒక నంబరు అంటే సుమారు 8.5 మిల్లీమీటర్ల పొడవు. దానివల్ల బూటు వంగే చోటు పాదం వంగే చోటుకన్నా ముందుకు జరుగుతుంది, అడుగడుగునా మడమ జారుతుంది. ఇలాంటివారు నంబరు కాదు, మోడలు మార్చాలి. లేసుల పట్టీలు బాగా విచ్చుకునే డెర్బీ రకం వెడల్పు పాదాలకూ, పైభాగం ఎత్తుగా ఉన్న పాదాలకూ, పట్టీలు అంతగా విచ్చుకోని ఆక్స్‌ఫర్డ్ కన్నా అనువైనది. లేసులు లేని లోఫర్లు బిగుతు మీదే ఆధారపడతాయి కనుక రోజంతా నడకకు నేను వాటిని సూచించను. సూదికొస బూట్లు పెళ్లి ఫొటోలకు చాలు.

తోలు సోలు చూడ్డానికి హుందాగా ఉన్నా, వానాకాలంలో తడిసిన గ్రానైటు మీద జారుతుంది. గాడులున్న రబ్బరు సోలు మేలు. మడమ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు మించనక్కర్లేదు. పాలీయూరిథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ సోళ్లు తేలికగానే ఉంటాయి గానీ, వాడకుండా ఏళ్లతరబడి అటక మీద ఉంచితే తేమకు పొడిపొడిగా రాలిపోతాయి. లోపలి వైపు కూడా తోలే ఉంటే చెమటను కొంత పీల్చుకుంటుంది. వీలైతే రెండు జతలు రోజు మార్చి రోజు వేసుకుంటే ఆ తేమ ఆరుతుంది.

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం తమ అంచనా మీద ఆధారపడకూడదు. బిగుతూ ఒరుపూ వారికి తెలియకపోవచ్చు కాబట్టి, వైద్యుడి సలహాతోనే కొని, వేసుకునే ప్రతిసారీ లోపల చేయిపెట్టి రాయీ మేకూ లేవని చూసుకోవాలి.