సంస్థ లైబ్రరీలో పరిశోధకుల ప్రొఫైల్ సైట్ నడపడం ఎలా?

బెంగళూరు పరిశోధనా సంస్థల్లో చాలాచోట్ల పేపర్లు దాచే రిపాజిటరీలు ఉన్నాయి. అయితే "ఈ అంశం మీద మీ దగ్గర ఎవరు పనిచేస్తున్నారు?" అని బయటివాళ్లు అడిగితే చెప్పగలిగేది ఒక్కో పరిశోధకుడికి ఒక్కో పేజీ ఉండే ప్రొఫైల్ సైటే. దానికి వాడే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లలో 'వివో' పాతది. కార్నెల్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో 2003లో మొదలైంది. లైసెన్సు ఖర్చు లేదు. సర్వర్ చూసుకునే మనిషి, డేటా చూసుకునే లైబ్రేరియన్ మాత్రం తప్పనిసరి.

1. ముందు చిరునామా తేల్చుకోండి. వివోకు జావా, దాన్ని వెబ్‌లో నడిపే టామ్‌క్యాట్ సర్వర్, వెతకడానికి సోల్ర్ కావాలి. ఇన్‌స్టాల్ చేయడం ఐటీ విభాగానికి పెద్ద పనేమీ కాదు. అసలు జాగ్రత్త నేమ్‌స్పేస్ దగ్గర, అంటే చిరునామాలన్నిటికీ ముందు వచ్చే భాగం దగ్గర. సైట్లోని ప్రతి మనిషికీ, ప్రతి పేపర్‌కూ వచ్చే శాశ్వత చిరునామా దాని నుంచే పుడుతుంది. డేటా ఎక్కించాక మార్చాలంటే నరకమే. అందుకే పరీక్ష సర్వర్ పేరు కాక, ఎప్పటికీ నిలిచే డొమైన్ పేరే పెట్టండి. మొదటిసారి లాగిన్ కాగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి.

2. మనుషుల జాబితా. ఇది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచే రావాలి. పేరు, హోదా, విభాగం, ఆఫీసు ఈమెయిల్, ఉద్యోగి నంబరు చాలు. పుట్టినతేదీ, సొంత ఫోన్ నంబర్లు అడగనే వద్దు. ఎక్సెల్‌లో తెరిస్తే ఉద్యోగి నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోండి.

3. పేర్ల చిక్కు విప్పండి. సగం శ్రమ ఇక్కడే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. కె. శ్రీనివాసరావు గారు జర్నల్ ఫారంలో 'లాస్ట్ నేమ్' గడిలో ఒకసారి రావు అని, ఇంకోసారి శ్రీనివాసరావు అని, మరోసారి ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటారు. ఒకే మనిషి ముగ్గురవుతారు. అదే విభాగంలో ఇంకో శ్రీనివాసరావు ఉంటే ఇద్దరి పేపర్లూ కలిసిపోతాయి. పక్క సీటులోని తమిళ సహోద్యోగికి పేరు ముందున్నది తండ్రి పేరు, కన్నడ సహోద్యోగికి ఊరి పేరు కూడా కావచ్చు. పేరును బట్టి మనిషిని గుర్తుపట్టమని ఏ ప్రోగ్రామ్‌నూ నమ్మవద్దు.

2012లో మొదలైన ఆర్కిడ్ (ORCID) అనే పరిశోధకుల గుర్తింపు సంఖ్య ఇందుకు మందు. మనిషికో 16 స్థానాల సంఖ్య, ఉచితం. చివరిది తనిఖీ అంకె, ఒక్కోసారి అక్కడ ఎక్స్ ఉంటుంది. తప్పనుకుని దిద్దవద్దు. సంఖ్యను మీరు వెతికి పెట్టకుండా శాస్త్రవేత్తతోనే తీయించండి. ఆర్కిడ్ లేనివాళ్ల దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి కూర్చోండి. ఎన్ని సర్క్యులర్లు పంపినా రాని ఫలితం అలా వస్తుంది.

4. పేపర్లు తెచ్చుకోండి. ఆర్కిడ్ సంఖ్యతో క్రాస్‌రెఫ్, ఓపెన్‌అలెక్స్ అనే పేపర్ల వివరాల డేటాబేస్‌లలో వెతికితే వివరాలు ఉచితంగా దొరుకుతాయి. పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య డీఓఐ (DOI)లో ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలకు తేడా లేదు. కాబట్టి అన్నిటినీ చిన్నబడిలోకి మార్చి, ముందున్న వెబ్ చిరునామా తీసేసి పోల్చండి. లేకపోతే ఒకే పేపర్ రెండుసార్లు ఎక్కుతుంది. ఆర్కిడ్‌కు ముందు కాలం నాటి పేపర్లను రిపాజిటరీలోంచి చేత్తోనే ఏరాలి. సీనియర్ల పని ఎక్కువ అక్కడే ఉంటుంది, వదిలేయకండి.

5. వాళ్లకే చూపించండి. సైట్ తెరిచే ముందు ఎవరి పేజీ వాళ్లకు పంపి, "ఇవి మీవేనా? ఏవైనా మిగిలాయా?" అని అడగండి. మొదట ఒక్క విభాగంతో మొదలుపెట్టడం మేలు. సంస్థ లాగిన్‌ను ఉద్యోగి నంబరుతో కలిపితే పరిశోధన పరిచయం, ఫొటో వాళ్లే మార్చుకోగలరు. హోదా, విభాగం మాత్రం ఆఫీసు జాబితా నుంచే రానివ్వండి.

6. నడిపించండి. కొత్త పేపర్లు నెలకోసారి, ఉద్యోగుల మార్పులు వెంటనే. టామ్‌క్యాట్ ఆపి వివో హోమ్ ఫోల్డరంతా బ్యాకప్ తీయండి. వెనకాల వేరే డేటాబేస్ వాడుతుంటే దాన్నీ కలపండి. ఎక్కించింది వెతుకులాటలో రాకపోతే అడ్మిన్ పేజీలోంచి ఇండెక్స్ (వెతుకులాటకు వాడే సూచిక) మళ్లీ కట్టండి.

ఎవరైనా రిటైరైనా, వేరే సంస్థకు వెళ్లినా పేజీ తీసేయవద్దు. పదవీకాలం ముగిసిన తేదీ చేర్చి, పాత ఈమెయిల్ మాత్రం తొలగించండి. ఇక్కడ చేసిన పని ఇక్కడి చిరునామాలోనే దొరకాలి.