సూపర్ 8, 16 ఎం.ఎం. చిత్రాలకు సింక్ సౌండ్ పరికరాలను ఎంచుకునే పద్ధతి

సూపర్ 8 లేదా 16 ఎం.ఎం. ఫిల్ముపై సినిమా తీస్తూ, నటుల మాటలను చిత్రీకరణ జరుగుతున్నప్పుడే రికార్డు చేసి బొమ్మతో కలపదలచినవారు, అంటే సింక్ సౌండ్ కోరేవారు, సాధారణంగా ముందు మంచి రికార్డరు కోసం వెతుకుతారు. నా దృష్టిలో ఈ వరుస తలకిందులుగా ఉంది. ఈనాడు దొరికే చౌక డిజిటల్ రికార్డరు కూడా కాలాన్ని కొలవడంలో చాలా పాత ఫిల్ము కెమెరాల కంటే నమ్మదగినది. అందువల్ల చేతిలో ఉన్న డబ్బును ముందు కెమెరా మోటారుకు, తరువాత కెమెరా చప్పుడును అణచడానికి, ఆ పైన మైకుకు, మిగిలినది రికార్డరుకు వెచ్చించడం మంచిది.

మోటారు ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. సూపర్ 8 కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్ము, అంటే 3600 ఫ్రేములు ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో అది రెండున్నర నిమిషాలు నడుస్తుంది. కెమెరా వేగంలో అర శాతం తేడా ఉంటే కార్ట్రిడ్జ్ పూర్తయ్యేసరికి బొమ్మకూ మాటకూ మధ్య 18 ఫ్రేముల ఎడం, అంటే ముప్పావు సెకను, ఏర్పడుతుంది. రెండు మూడు ఫ్రేముల తేడాకే పెదవులు ఒకటి పలుకుతుంటే చెవికి మరొకటి వినబడుతున్నట్టు ప్రేక్షకుడికి అనిపిస్తుంది. 16 ఎం.ఎం.లో 400 అడుగుల రోలు 11 నిమిషాలు దాటి నడుస్తుంది కాబట్టి, ఒక్క షాటును అంతసేపు ఆపకుండా తీస్తే వెయ్యింట ఒక వంతు తేడా కూడా 16 ఫ్రేములవుతుంది.

ఇక్కడ రెండు రకాల లోపాలను వేరుగా చూడాలి. కెమెరా తప్పు వేగంతోనైనా మొదటి నుంచి చివరి వరకు ఒకే వేగంతో నడిస్తే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధ్వనిని అదే నిష్పత్తిలో సాగదీసి లేదా కుదించి సరిచేయవచ్చు. అలా కాక వేగం షాటు మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ఒకచోట సరిచేసినది మరోచోట తప్పుతుంది. వాక్యం వాక్యానికి కోసి అతికించడం తప్ప మార్గం ఉండదు. స్ప్రింగుతో నడిచే బోలెక్స్ హెచ్16 వంటి కెమెరాలు దృశ్యాలకు అద్భుతంగా ఉన్నా సంభాషణలకు పనికిరాకపోవడానికి ఇది ఒక కారణం. ఒకసారి కీ ఇస్తే 24 ఫ్రేముల వేగంతో సుమారు 28 సెకన్లు మాత్రమే నడవడం రెండవ కారణం.

ఈ చిక్కుకు అసలైన పరిష్కారం క్వార్ట్జ్ క్రిస్టల్ అదుపులో నడిచే మోటారు. చేతి గడియారాన్ని నడిపే స్ఫటికమే మోటారు వేగాన్నీ అదుపు చేస్తుంది. రికార్డరులోనూ అటువంటి స్ఫటికమే ఉంటుంది కాబట్టి రెండింటి మధ్య తీగ అవసరం లేదు. క్రిస్టల్ రాకముందు కెమెరా నుంచి వచ్చే, దాని వేగాన్ని తెలిపే పైలట్ సంకేతాన్ని తీగ ద్వారా నాగ్రా వంటి టేపు రికార్డరుకు పంపి, టేపు మీద మాటలతో పాటు ఆ సంకేతాన్ని కూడా ఎక్కించేవారు. పాత 16 ఎం.ఎం. కెమెరాలు కొనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. అమ్మకపు ప్రకటనలో ‘సింక్ కెమెరా’ అని ఉన్నంత మాత్రాన అందులో క్రిస్టల్ ఉందని అర్థం కాదు. పైలట్ జనరేటర్ మాత్రమే ఉండి ఉండవచ్చు. ఆరిఫ్లెక్స్ 16బీఎల్ విషయంలో ఈ ప్రశ్న తప్పక అడగాలి. ఎక్లేర్ ఏసీఎల్, ఆటన్ ఎల్‌టీఆర్, ఆరిఫ్లెక్స్ 16ఎస్ఆర్ వంటివి సింక్ పనికే రూపొందినవి కనుక వాటితో చిక్కులు తక్కువ.

సూపర్ 8లో మరొక గందరగోళం ఉంది. కొడాక్ 1965లో ప్రవేశపెట్టిన ఈ ఫిల్ముకు 1973లో అంచున అయస్కాంత పట్టీ ఉన్న సౌండ్ కార్ట్రిడ్జ్ తోడైంది. బొమ్మ, మాట ఒకే ఫిల్ముపై ఎక్కేవి. ఆ కార్ట్రిడ్జ్ తయారీ 1997లో నిలిచిపోయింది. కాబట్టి కెనాన్ 1014 ఎక్స్ఎల్-ఎస్ వంటి ‘సౌండ్ కెమెరా’ కొన్నా, నేడు అందులో వేసేది మూగ కార్ట్రిడ్జే. ధ్వనిని విడిగా రికార్డు చేయక తప్పదు. అయినా అటువంటి కెమెరాలకు ఒక గుణం ఉంది: పక్కనే మైకు ఉంటుందన్న ఆలోచనతో తయారైనవి కనుక మిగతావాటి కంటే తక్కువ చప్పుడుతో నడుస్తాయి. క్రిస్టల్ అదుపుతో కొత్త సూపర్ 8 కెమెరానే కావాలనుకుంటే, కొడాక్ 2023 చివర్లో అమ్మకానికి తెచ్చిన కెమెరా ఉంది. అప్పుడు దాని ధర 5,495 డాలర్లు. మొదటి చిత్రానికి అంత పెట్టమని నేను సలహా ఇవ్వను. ఆ డబ్బులో చాలా ఫిల్ము వస్తుంది.

క్రిస్టల్ లేని కెమెరాను కొనే ముందు దుకాణంలోనే పరీక్షించే వీలుంది. గడువు తీరిన, వాడని కార్ట్రిడ్జ్ ఒకటి వేసి, కొత్త బ్యాటరీలు పెట్టి, కెమెరా పక్కన రికార్డరు ఉంచి నిమిషం పాటు నడపాలి. ఖాళీగా నడిపితే మోటారు మీద బరువు ఉండదు కాబట్టి ఫలితాన్ని నమ్మలేము. తరువాత ఆ ధ్వనిని ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి తరంగాన్ని పెద్దదిగా చేసి చూస్తే, ఫిల్మును లాగే కొక్కెం ఫ్రేముకొకసారి కొట్టే టిక్కులు పళ్ల చక్రంలా వరుసగా కనిపిస్తాయి. 24 ఫ్రేముల వేగంలో 240 టిక్కులకు సరిగ్గా 10 సెకన్లు పట్టాలి. రికార్డింగు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలిచి, రెండూ సమానంగా ఉంటే వేగం స్థిరంగా ఉన్నట్టు, మొదట 10.1, చివర కూడా 10.1 వస్తే వేగం తప్పుగా ఉన్నా దాన్ని సరిదిద్దుకోవచ్చు, మొదట 9.9, చివర 10.2 వస్తే ఆ కెమెరాను సంభాషణలకు వాడకూడదు. సంభాషణల షాట్లను పది పదిహేను సెకన్లకు మించనీయకపోతే అర శాతం తేడా ఉన్న కెమెరాతో కూడా నెట్టుకురావచ్చు, ఎందుకంటే అంత తక్కువ సమయంలో తేడా రెండు ఫ్రేములకు మించదు.

మన దేశంలో తీసేవారు కెమెరాకు 25 ఫ్రేముల వేగం ఉందో లేదో కూడా చూడాలి. ఇక్కడి విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి పాత పద్ధతి ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. 25తో అది నిశ్శేషంగా భాగింపబడి ప్రతి ఫ్రేముకూ సమానమైన వెలుగు అందుతుంది. 24తో తీస్తే, షట్టరు కోణం (ఫ్రేముకు వెలుగు ఎంతసేపు తగలాలో నిర్ణయించేది) 172.8 డిగ్రీలు ఉన్న కెమెరా అయితే తప్ప, బొమ్మలో వెలుగు కొట్టుకునే ప్రమాదం ఉంది.

ఇక చప్పుడు సంగతి. ఆరిఫ్లెక్స్ 2సీ వంటి చప్పుడు చేసే కెమెరాలతోనే దశాబ్దాల పాటు తెలుగు సినిమాలు తయారయ్యాయి. మాటలన్నీ తరువాత డబ్బింగు థియేటరులో చెప్పించడం మనకు అలవాటుగా మారడానికి అదొక ముఖ్య కారణం. సూపర్ 8 కెమెరా చప్పుడు చిన్న గదిలో నాలుగు గోడలకూ తగిలి తిరిగివస్తుంది. కెమెరాకు తొడిగే మెత్తని బార్నీ కొనవచ్చు; లేకపోతే దట్టమైన దుప్పటిని లెన్సు, వ్యూఫైండరు మాత్రమే బయటికి ఉండేలా కట్టవచ్చు. అన్నిటికంటే బాగా పనిచేసేది దూరం: కెమెరాను వెనక్కి జరిపి లెన్సుతో దగ్గరికి జూమ్ చేయడం, లేదా గది బయట నుంచి మూసిన కిటికీ అద్దం గుండా తీయడం.

మైకు ఎంపికలో చాలామంది కళ్లు మూసుకుని ముందు వైపు ధ్వనినే ఎక్కువగా గ్రహించే పొడవాటి షాట్‌గన్ మైకు కొంటారు. ఆరుబయట అది సరైనదే. సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 దశాబ్దాలుగా సెట్ల మీద నిలిచి ఉండటం ఊరికే కాదు. కానీ కాంక్రీటు స్లాబు, టైల్సు నేల ఉన్న మన ఇళ్ల గదుల్లో ప్రతిధ్వని ఎక్కువ. అక్కడ షాట్‌గన్ పక్కల నుంచి వచ్చే ధ్వనిని సక్రమంగా తగ్గించలేక మాటకు డొల్లతనం తెస్తుంది. అటువంటి చోట హైపర్‌కార్డియాయిడ్ మైకును (ముందు వైపు ధ్వనిని ఎక్కువగా గ్రహించే పొట్టి మైకు) నటుడి తలకు కాస్త పైన, ఫ్రేము అంచుకు వీలైనంత దగ్గరగా పట్టుకోవాలి. ఆ మైకు ముందు దిశ నుంచి సుమారు 110 డిగ్రీల వైపు వచ్చే ధ్వనిని అతి తక్కువగా గ్రహిస్తుంది కాబట్టి, కెమెరా ఆ కోణంలో పడేలా బూమ్ (మైకు బిగించిన పొడవాటి కర్ర) పట్టుకుంటే మోటారు చప్పుడు గణనీయంగా తగ్గుతుంది. వెనుక వైపు ధ్వనిని అతి తక్కువగా గ్రహించే కార్డియాయిడ్ మైకు అయితే దాని వీపును కెమెరా వైపు తిప్పాలి. బూమ్ పట్టే మనిషి దొరకనప్పుడు చొక్కాకు పెట్టే లావలియర్ మైకే దిక్కు. ఏ మైకైనా సీలింగ్ ఫ్యాను ఆపకుండా ప్రయోజనం లేదు.

రికార్డరు విషయంలో మైకులు తగిలించే రెండు ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్లు, మైకుకు తీగ ద్వారానే విద్యుత్తు అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ వేవ్ ఫైళ్లు ఉంటే సరిపోతుంది. ధ్వని చూసుకోవడానికి విడిగా మనిషి లేకపోతే జూమ్ ఎఫ్3 వంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డరు మేలు, ఎందుకంటే నటుడు హఠాత్తుగా అరిచినా ఆ అరుపు రికార్డరులో పగిలిపోదు. టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ గంట, నిమిషం, సెకనుతో ఇచ్చే గుర్తు) కోసం అదనంగా డబ్బు పెట్టవద్దు. దాన్ని ఫిల్ము మీద ముద్రించగలిగేవి ఆటన్ వంటి కొన్ని కెమెరాలు మాత్రమే. ఫ్రేముకొకసారి మూసుకునే ఫ్లాష్ కాంటాక్టు ఉన్న సూపర్ 8 కెమెరా దొరికితే మాత్రం, ఆ స్పందనలను రికార్డరులోని ఒక ట్రాకు మీద ఎక్కించుకుంటే కెమెరా అసలు వేగం ఫ్రేము ఫ్రేముకూ లిఖితపూర్వకంగా చేతిలో ఉంటుంది.

క్లాప్ బోర్డుకు పెద్ద ఖర్చు లేదు. రికార్డరును ముందే నడిపి ఉంచి, కెమెరా తిరగడం మొదలై వేగం అందుకున్నాక మాత్రమే కొట్టాలి. ధ్వని ఒక ఫ్రేము కాలంలో సుమారు 14 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి బోర్డును మైకుకు దగ్గరగా కొట్టడం అవసరం. షాటు మొదట్లో కొట్టడం మరచిపోతే చివర్లో బోర్డును తలకిందులుగా పట్టుకుని కొట్టవచ్చు.

ఫిల్ము ల్యాబుకు వెళ్లేటప్పుడు స్కానింగు కాగితంలో తీసిన వేగాన్ని స్పష్టంగా రాయాలి: 24 అంటే 24.000 అని, వీడియోలో వాడే 23.976 కాదని. ఈ రెండింటి మధ్య తేడా వెయ్యింట ఒక వంతే అయినా, కార్ట్రిడ్జ్ చివరికి మూడున్నర ఫ్రేములకు పైగా అవుతుంది. క్రిస్టల్ మోటారుకు పోసిన డబ్బంతా అక్కడ వృథా అవుతుంది. స్కాను ఫైలు ఒకవేళ 23.976గా వచ్చినా కంగారు పడనక్కరలేదు. ధ్వనిని ముట్టుకోకుండా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్పు వేగాన్ని 24గా చదవమని నిర్దేశించి, టైమ్‌లైనును కూడా 24కే పెడితే క్లాపు మోతా, బోర్డు మూసుకున్న ఫ్రేమూ మళ్లీ ఒకచోట కలుస్తాయి.