ఆకు పచ్చగా ఉందని చెట్టును నమ్మకండి: తుపాను రోజులకు ముందు జాగ్రత్తలు

పోయిన మంగళవారం రాత్రి విశాఖలో మా పక్క వీధిలో తురాయి చెట్టు పడింది. తుపానేమీ లేదు. రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు ఒక్క విసురు గాలి వచ్చిందంతే. రోడ్డు పక్క చెట్టు వేళ్లతో సహా లేచి, ఆ ఇంటి ప్రహరీ మీదా, గోడ పక్కన నిలిపిన ఆటో మీదా పడింది. ఆటో నడిపే అబ్బాయి అప్పుడే అన్నానికని లోపలికి వెళ్లాడు కాబట్టి బతికాడు. తెల్లారి అక్కడ చేరిన వాళ్లందరి నోటా ఒకటే మాట: "నిన్నటిదాకా పచ్చగానే ఉంది కదండీ!"

ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది. వేసవిలో ఆ చెట్టుకు రెండడుగుల దూరంలో, రోడ్డు వైపున, పైపు కోసం జేసీబీతో తవ్వారు. మనిషి తొడంత లావు వేళ్లు తెగి బయటపడ్డాయి. తర్వాత మట్టి పూడ్చి సిమెంటు వేశారు, అందరం మరిచిపోయాం. చెట్టు మాత్రం రోడ్డు వైపు పట్టు లేకుండా నాలుగు నెలలు అలాగే నిలబడింది.

చెట్టుకు నీళ్లు తాగడానికి కొన్ని వేళ్లు చాలు. నిలబడటానికి మాత్రం అన్ని పక్కలా వేళ్లు కావాలి. అందుకే ఒక పక్క వేళ్లు తెగినా ఆకు వాడదు, పువ్వు కూడా పూస్తుంది. షామియానాకు ఒక పక్క తాళ్లు కోసేస్తే రెండో పక్కకు ఒరిగిపోతుంది చూడండి, ఇదీ అంతే. పైగా వేళ్లు మనం అనుకున్నంత లోతుకు పోవు. చాలావరకు పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే పరుచుకుని, కొమ్మల నీడ దాటి కూడా వెళతాయి. కాబట్టి కాలువైనా, కేబులైనా, సీసీ రోడ్డైనా, మీ ఇంటి ముందు ఈ రెండేళ్లలో తవ్వకం జరిగి ఉంటే ఆ చెట్టును అనుమానించాల్సిందే, ఆకు ఎంత పచ్చగా ఉన్నా సరే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెట్లు పడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మన తీరానికి అక్టోబర్, నవంబర్ గడ్డు నెలలు. చూసుకోవాల్సింది దసరాలోపే.

చూడటం మొదలు దగ్గర మొదలుపెట్టండి. చుట్టూ నేల ఒక పక్క ఉబ్బిందా? మట్టిలో గానీ సిమెంటులో గానీ కొత్త పగులు ఉందా? మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటివి, చెక్కలా గట్టిగా ఉండేవి, మొలిచాయా? మొలిస్తే లోపల కుళ్లు ఉన్నట్టే. చెక్క సుత్తితో కాండాన్ని చుట్టూ తట్టండి, డొల్ల మోత వస్తే గుర్తు పెట్టుకోండి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు. కానీ తొర్ర చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం కాండం వ్యాసార్ధంలో మూడో వంతు కన్నా తక్కువైతే ప్రమాదం. ఎన్నో ఏళ్ల నుంచి వంగి, పైన మళ్లీ నిటారుగా పెరిగిన చెట్టు గురించి అంత భయం లేదు. ఈ మధ్యే ఒరిగిన చెట్టుతోనే భయం.

తురాయి కొమ్మ పెళుసు, వేళ్లు పైపైనే ఉంటాయి. వేపకూ చింతకూ ఉన్న గట్టితనం దానికి లేదు. అయినా వేళ్లు తెగితే వేపైనా పడుతుంది.

తీయించడం విషయానికొస్తే, రోడ్డు మీది చెట్టు మనది కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొట్టకూడదు. వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఫోటో తీసేటప్పుడు కొమ్మలు కాదు, మొదలు తీయండి. దగ్గరి కరెంటు స్తంభం నంబరు రాయండి. తవ్వకం ఎప్పుడు, ఏ వైపు, ఎంత దూరంలో జరిగిందో రాయండి. "చెట్టు భయంగా ఉంది" అని రాస్తే ఎవరూ రారు, "రోడ్డు వైపు వేళ్లు తెగాయి" అంటే వచ్చి చూస్తారు. పది రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు ఆ రసీదుతో వెళ్లండి.

అన్ని చెట్లూ కొట్టేయమని నేను అనడం లేదు. చాలా వాటికి బరువు తగ్గిస్తే చాలు. అదీ అన్ని వైపులా సమంగా తగ్గించాలి. తీగలకు తగులుతోందని ఒక పక్కే నరికితే బరువంతా రెండో పక్కకు పోతుంది, అది ఇల్లున్న పక్కే అయితే ఇక చెప్పేదేముంది. కొమ్మలన్నీ నరికి మోడు చేయించొద్దు. మోడు మీద వచ్చే చిగుళ్లు పైపైనే అతుక్కుని ఉంటాయి, మూడు నాలుగేళ్లకు లావెక్కి విరిగేవి అవే.

ఇక ఇవి చేయకండి, చేయనివ్వకండి.

రోజు కూలీకి వచ్చిన మనిషిని గొడ్డలిచ్చి చెట్టెక్కించొద్దు.

తీగ దగ్గర కొమ్మైతే 1912కి ఫోన్ చేయండి. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకున్నానని చెప్పేదాకా ఎవరూ కత్తి ఎత్తొద్దు. "ఫ్యూజు తీశాం" అంటే చాలదు.

వెదురు నిచ్చెన చెట్టుకు ఆనించి రంపం పట్టొద్దు.

వాన పడుతుండగా కోత వద్దు.

తాడు కట్టి పదిమంది లాగితే కావాల్సిన వైపే పడుతుందనుకోవద్దు. వేళ్లు ఏ పక్క తెగాయో తెలియకుండా తాడే కట్టొద్దు.

మొదలు చుట్టూ సిమెంటు పోయనివ్వొద్దు. ఒక మీటరు వదలమని అడగండి. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీకి చెప్పిన కొలత అది.

అనుమానం ఉన్న చెట్టు కింద బండి పెట్టొద్దు, ఇస్త్రీ బండి పెట్టనివ్వొద్దు, పిల్లల మంచం ఆ వైపు గదిలో వేయొద్దు. హెచ్చరిక వచ్చిన రాత్రి అందరూ వెనక గదిలో పడుకోండి.

పడిన చెట్టు దగ్గరకు పరుగెత్తొద్దు. కొమ్మల్లో తీగ ఉండొచ్చు. ముప్పై అడుగుల దూరం నుంచే 112కి, 1912కి చెప్పండి. వంగి బిగిసిన కొమ్మను కోస్తే ఎగిరి మొహానికి కొడుతుంది.

జేసీబీ మీ వీధిలోకి వచ్చిన రోజు బయటికి రండి. చెట్టుకు ఎంత దూరంలో తవ్వుతున్నారో అడగండి. వేళ్లు తెగితే, మట్టి పూడ్చకముందే ఫోటో తీయండి.