స్టీరింగ్ బాక్స్ ఆయిల్ సీల్‌కి టేపు చుట్టు

పాత లారీ స్టీరింగ్ బాక్స్‌కి కింద కొత్త ఆయిల్ సీల్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ కారుతుంటుంది. చాలాసార్లు సీల్ మంచిదే, బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్ట్ పళ్ల మీదుగా ఎక్కించేటప్పుడు దాని పెదవి, అంటే షాఫ్ట్‌ని పట్టుకునే లోపలి రబ్బరు అంచు, కోసుకుపోతుంది.

డ్రాప్ ఆర్మ్‌కీ (ఆ పళ్ల మీద బిగించి ఉండే స్టీరింగ్ చేయి) షాఫ్ట్‌కీ కలిపి పంచ్ గుర్తు పెట్టి, పుల్లర్‌తోనే లాగండి. సుత్తి దెబ్బలకు లోపలి బేరింగులు పోతాయి. పాత సీల్ తీశాక పళ్ల మీద ఇన్సులేషన్ టేపు ఒక్క పొర బిగించి చుట్టండి. సీల్ పెదవికి గ్రీజు రాసి, సీల్ బయటి అంచుకి సరిపడే పైపు ముక్కతో వంకర పోకుండా దించండి. తర్వాత టేపు పీకేయాలి.

షాఫ్ట్ మీద గోటికి తగిలే గాడి ఉన్నా, పక్కలకు ఊగుతున్నా ఇది నిలవదు. అప్పుడు బాక్స్ దించి బేరింగులు, షాఫ్ట్ చూడాల్సిందే.