బండిని పిలిచే ముందు: సెప్టిక్ ట్యాంకులో లోపం ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

మరుగుదొడ్డిలో పోసిన నీళ్లు కిందికి దిగకుండా నిలబడిన రోజున ఇంట్లో ఎవరో ఒకరు "ట్యాంకు నిండింది, బండిని పిలవండి" అంటారు. అనంతపురంలోని మా ఇంటికి ఆ ఒక్క మాట మీద ఏడాదిలో మూడుసార్లు బండిని పిలిపించాము. మూడోసారి ఖాళీ చేసి వెళ్లిన పదకొండో రోజునే కింది అంతస్తులో నీళ్లు మళ్లీ పైకి వచ్చాయి. అప్పుడు గానీ మేము వెతకడం మొదలుపెట్టలేదు. వెతికితే లోపం ట్యాంకులో కాదు, పై అంతస్తులోని ఫ్లష్ డబ్బాలో దొరికింది. లోడు లెక్కన డబ్బు చెల్లించే ముందు ఒక పూట వెచ్చించగలిగితే, నీళ్లు ఆగుతున్నది ఎక్కడో చాలావరకు ఎవరికి వారే కనిపెట్టవచ్చు.

నిండుగా ఉండడం జబ్బు కాదు

సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇంటి నుంచి వచ్చే గొట్టం ఒక వైపున, బయటికి పోయే గొట్టం దానికన్నా సుమారు 50 మిల్లీమీటర్లు దిగువగా మరో వైపున ఉంటాయి కాబట్టి, ఇటు ఒక బకెట్ నీళ్లు చేరితే అటు ఒక బకెట్ నీళ్లు వెళ్లిపోతాయి. బరువైన మలం అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, సబ్బు వంటి తేలిక పదార్థాలు పైన తెట్టు కడతాయి, ఆ రెండింటి మధ్య ఉన్న నీరు మాత్రమే ఇంకుడు గుంతకో వీధి కాలువకో పోతుంది. మూత తీసిన వెంటనే పై దాకా నీళ్లు కనిపించాయని కంగారుపడి బండిని పిలిచేవారు చాలామంది ఉంటారు గాని, వారు చూసింది ఆరోగ్యంగా ఉన్న ట్యాంకునే కావచ్చు. ఖాళీ చేసిన వారం రెండు వారాలకే మళ్లీ నిండిందని బండివాళ్లను తిట్టుకోవడం కూడా ఇందువల్లనే జరుగుతుంది. ఐదుగురున్న ఇంట్లో దొడ్డి నీళ్లు మాత్రమే రోజుకు 200 లీటర్ల చొప్పున చేరుతున్నాయనుకుంటే, 3,000 లీటర్ల ట్యాంకు పదిహేను రోజుల్లో నిండి తీరుతుంది.

అయితే పాత కాలనీలలో ఉన్నవన్నీ సెప్టిక్ ట్యాంకులు కావు. సిమెంటు వరలు దించి, అడుగున కాంక్రీటు వేయకుండా వదిలేసిన గుంతకు కూడా మనవాళ్లు ఆ పేరే పెట్టుకున్నారు. దానికి బయటికి పోయే గొట్టం ఉండదు, నీరు నేలలోకి ఇంకవలసిందే. మీ ఇంట్లో ఉన్నది ఏదో కట్టిన బేల్దారినో, పాత యజమానినో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే కింద చెప్పిన పరీక్షలలో కొన్నింటి అర్థం దానిని బట్టి మారుతుంది.

మొదటి అడుగు: ఒక్క దొడ్డా, అన్నీనా?

ఇంట్లో ఒకే ఒక్క మరుగుదొడ్డిలో నీళ్లు నిలిచి, మిగిలినవి మామూలుగా పనిచేస్తుంటే ట్యాంకు జోలికి పోనక్కరలేదు. ఆ దొడ్డి కింది వంపులోనో, దాని సొంత గొట్టంలోనో గుడ్డ, ప్యాడ్, పిల్లల డైపరు వంటిది అడ్డం పడి ఉంటుంది, దానికి ప్లంబరు చాలు. అన్నిచోట్లా ఒకేసారి మందగిస్తే, అందులోనూ పై అంతస్తులో నీళ్లు పోసినప్పుడు కింది అంతస్తులో పైకి తన్నితే, అడ్డు ప్రధాన గొట్టంలో గాని, ట్యాంకులో గాని, ట్యాంకు దాటిన తరువాత గాని ఉన్నదని అర్థం.

నీళ్లు పోతూనే గుడగుడమని చప్పుడు చేస్తుంటే, లేదా స్నానాల గదిలో దుర్వాసన వస్తుంటే, మిద్దె ఎక్కి గాలి గొట్టాన్ని చూడండి. దాని నోటికి కట్టిన జాలీలో దుమ్ము పేరుకోవడం, కందిరీగలు గూడు పెట్టడం మామూలే. గాలి ఆడకపోతే నీళ్లు నెమ్మదిగా దిగుతాయి, వంపులలో నిలిచి వాసనను ఆపవలసిన నీరు కూడా లాగబడిపోతుంది. ఈ పనికి చీపురు పుల్ల చాలు గాని, జాలీని మాత్రం మళ్లీ బిగించాలి, లేకపోతే దోమలకు దారి తెరిచినట్టే.

రెండో అడుగు: చాంబరు మూత

ఇంటి గోడకూ ట్యాంకుకూ మధ్య చిన్న చాంబరు ఉంటే మీ అదృష్టం, ఎందుకంటే అనుమానాన్ని సగానికి సగం కోసేసేది ఇదే. లోపల దొడ్డి పొంగుతున్నప్పుడు చాంబరు పొడిగా ఉంటే అడ్డు ఇంటికీ చాంబరుకూ మధ్యనే ఉన్నట్టు. చాంబరు నిండి నిలిచి ఉంటే అడ్డు దాని తరువాత ఉన్నట్టు. పొడిగా ఉన్నప్పుడు బండిని పిలిస్తే ట్యాంకు ఖాళీ అవుతుంది, డబ్బు ఖర్చవుతుంది, దొడ్డి మాత్రం అలాగే ఉంటుంది. చాంబరు గోడను చీల్చుకొని వచ్చిన వేప వేళ్లు వెంట్రుకల్లా అల్లుకొని కనిపిస్తే, ట్యాంకును చూడకుండానే కారణం దొరికినట్టే.

మూడో అడుగు: ట్యాంకు మూత తెరవడం

ఇక్కడ తొందరపడవద్దు. మన జిల్లాలలో ట్యాంకును ఎక్కువగా కడప బండలతోనో బేతంచెర్ల బండలతోనో కప్పి, సందులను సిమెంటుతో పూస్తారు. చాలా ఏళ్లు పడి ఉన్న బండకు పైకి కనిపించని నెర్రె ఉండవచ్చు గనుక దాని మీద నిలబడకుండా, పక్కన గట్టి నేల మీద నిలబడి, ఇద్దరు మనుషులు గడ్డపారతో లేపాలి. పిల్లలను, పశువులను దూరంగా ఉంచాలి. తెరిచిన తరువాత కనీసం అరగంట గాలి ఆడనిచ్చి, గాలి వచ్చే వైపున నిలబడి, టార్చిలైటుతో చూడాలి. బీడీ, అగ్గిపుల్ల, దీపం ఏవీ దగ్గరికి రాకూడదు. దీపం దించి గాలి ఉందో లేదో చూసే పాత అలవాటు ఒకటుంది, లోపలి మీథేన్ మండే వాయువు కాబట్టి ఆ అలవాటు ప్రాణం తీస్తుంది.

మరో వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది, అంటే కంపు తగ్గిందనుకున్న క్షణమే ఎక్కువ ప్రమాదకరమైనది కావచ్చు. కాబట్టి తల లోపలికి వంచకూడదు, ఫోను జారిపడినా, తాళంచెవులు పడినా దిగకూడదు, ఎవరినీ దింపకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మురుగు పనిలో చనిపోయిన వారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది.

నాలుగో అడుగు: నీటి మట్టం ఏం చెబుతోంది?

బయటికి పోయే గొట్టం అడుగు అంచును గుర్తుపట్టి, నీటి మట్టాన్ని దానితో పోల్చండి. రెండూ సమానంగా ఉంటే ట్యాంకు బాగున్నట్టే. అయినా దొడ్డి పొంగుతుంటే, లోపలికి వచ్చే గొట్టం చివర వేలాడే 'T' ఆకారపు గొట్టం ముక్కలో మలం, గుడ్డలు బిగుసుకున్నాయేమో చూడండి. పొడవాటి కర్రతో బయటి నుంచే పొడిచి వదిలించవచ్చు. ఇంత చిన్న పనికి పూర్తి లోడు డబ్బు ఇచ్చిన ఇళ్లను నేను ఎరుగుదును.

మట్టం ఆ అంచు కన్నా పైకి లేచి, గొట్టం మునిగి ఉంటే లోపం ట్యాంకు దాటిన తరువాత, అంటే బయటి గొట్టంలోనో ఇంకుడు గుంతలోనో ఉంది. రోజూ వాడే ఇంట్లో మట్టం అంచు కన్నా బాగా కిందికి ఉంటే ట్యాంకు బీటలు వారి కారుతున్నదని అనుమానించాలి. ఇంట్లో బోరుబావి ఉన్నవారు ఈ స్థితిని తేలికగా తీసుకోకూడదు. ఇంకుడు గుంతకూ తాగునీటి వనరుకూ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారత ప్రమాణాలు చెబుతుండగా, చిన్న స్థలాలలో అది ఎటూ కుదరడం లేదు, పైగా ట్యాంకే కారితే చెప్పేదేముంది.

వరల గుంత అయితే పరీక్ష వేరు. రాత్రి పది గంటలకు కర్రతో మట్టాన్ని గుర్తుపెట్టి, తెల్లవారి నీళ్ల వాడకం మొదలుకాక ముందే మళ్లీ చూడండి. వేలెడంత కూడా దిగకపోతే గుంత గోడల చుట్టూ మట్టి జిగటబారి, ఇంకడం ఆగిపోయిందన్నమాట.

ఐదో అడుగు: మడ్డిని కొలవడం

బండిని పిలవాలా వద్దా అన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పేది ఇదొక్కటే, కాని ఎవరూ చేయరు. ట్యాంకు లోతును మించిన కర్ర తీసుకొని, కింది మూడు అడుగుల మేర పాత తెల్ల తువ్వాలును చుట్టి దారంతో బిగించండి. బయటికి పోయే గొట్టం దగ్గర నెమ్మదిగా అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచి, అంతే నెమ్మదిగా లాగండి. మడ్డి ఉన్నంత మేర గుడ్డ నల్లగా, చిక్కగా మారి ఉంటుంది, ఆ పైన మురికినీటి రంగు మాత్రమే ఉంటుంది. తెట్టు మందాన్ని మరో కర్రకు అడ్డంగా చిన్న ముక్క కొట్టి, కింది నుంచి పైకి లాగి చూసుకోవచ్చు. మడ్డి, తెట్టు రెండూ కలిపి ట్యాంకు లోతులో సగాన్ని దాటితే తీయించాలని సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. ఉదాహరణకు నీటి లోతు 120 సెంటీమీటర్లు ఉన్నచోట మడ్డి 25, తెట్టు 8 సెంటీమీటర్లు వస్తే బండి అవసరం లేదు. మడ్డి 55, తెట్టు 10 వస్తే ఇక ఆలస్యం చేయకూడదు. పని ముగిశాక చేతి తొడుగులు తీసి సబ్బుతో కడుక్కోవాలి, తువ్వాలును పారేయాలి.

ఆరో అడుగు: అక్కరలేని నీళ్లు ఎక్కడి నుంచి?

మా ఇంటి సంగతి ఇదే. అనంతపురంలో బోరు నీటి ఉప్పదనం వల్ల ఫ్లష్ డబ్బాలోని రబ్బరు వాషరు అంచున తెల్లటి పొర కట్టి, అది సరిగా కూర్చోక, నీళ్లు రాత్రింబవళ్లు సన్నగా దొడ్డి వెనుక గోడ వెంట జారిపోయేవి. చప్పుడు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారినా రోజుకు 288 లీటర్లు అవుతుంది. ఇంటిల్లిపాదీ వాడేదానికన్నా ఆ ఒక్క వాషరే ఎక్కువ నీళ్లు పంపింది, ఇంకుడు గుంత తట్టుకోలేకపోయింది. కనిపెట్టడానికి ఫ్లష్ డబ్బాలో నాలుగు చుక్కల నీలిమందు వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా చూస్తే చాలు. దొడ్డిలో నీలం రంగు దిగితే వాషరు మార్చాలి.

కుళాయి నీళ్లు వచ్చే రోజున బట్టలన్నీ ఒకేసారి ఉతికి, ఆ నీళ్లను కూడా ట్యాంకులోకి వదిలే ఇళ్లు ఉన్నాయి. ఒక్కసారిగా వచ్చే ఆ వరద మడ్డిని లేపి ఇంకుడు గుంతలోకి తోసేస్తుంది. స్నానం, ఉతుకు నీళ్లను మొక్కలకో విడి గుంతకో మళ్లించడం ట్యాంకు ఆయుష్షును పెంచుతుంది.

ఏడో అడుగు: నేల, వాన

నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి రంధ్రాలు మూసుకుంటుంది, ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. కర్నూలు, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాలలో వేసవిలో బాగా పనిచేసిన గుంత సెప్టెంబరు, అక్టోబరు వానలకు మొరాయించడం ఇందుకే. అనంతపురం ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకుతుంది గాని, కొన్నిచోట్ల పైమట్టి పలుచగా ఉండి కిందనే రాయి తగులుతుంది. వానాకాలంలో మాత్రమే పొంగి, పది రోజులు ఎండ కాస్తే సర్దుకునే ట్యాంకును ఖాళీ చేయించడం వల్ల ప్రయోజనం తక్కువ. నేల తడిసి ముద్దయి ఉన్నప్పుడు ఖాళీ చేసిన ప్లాస్టిక్ ట్యాంకు పైకి తేలవచ్చు కూడా. అటువంటప్పుడు వాడకం తగ్గించి, మిద్దె మీది వాననీరు అటు పోకుండా మళ్లించి, నేల ఆరేదాకా ఆగడం మేలు.

బండే అవసరమని తేలితే

ఫోనులోనే మూడు సంగతులు అడగండి: ట్యాంకు కొలతలను బట్టి ఎన్ని లోడ్లు అవుతాయి, గొట్టం ఎంత పొడవు, తీసిన మడ్డిని ఎక్కడ పోస్తారు. వంకలోనో చెరువు గట్టునో పోసేవారికి పని ఇవ్వకూడదు. నగరాలలో ట్యాంకు శుభ్రం చేయించడానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14420 నంబరుకు ఫోను చేసి అడిగే వీలుంది. యాసిడ్, ఫినాయిలు ట్యాంకులో మడ్డిని కుళ్లించే సూక్ష్మజీవులను చంపుతాయి, పొట్లాలలో అమ్మే పొడులేమో తీయించవలసిన మడ్డిని మాయం చేయలేవు. ఈ రెండింటి మీదా డబ్బు పెట్టకండి.

బండి గొట్టం పనిచేస్తున్నంతసేపూ బయటికి పోయే గొట్టం మీదనే కన్ను వేసి ఉంచండి. ట్యాంకు మట్టం దిగుతున్నకొద్దీ అందులో నుంచి నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పారితే ఇంకుడు గుంత నిండి ఉన్నదని, తరువాతి ఖర్చు దాని మీదనే పెట్టాలని తెలుస్తుంది. అడుగున కొద్దిగా మడ్డిని మిగల్చమని చెప్పండి, సూక్ష్మజీవులు అందులో నుంచే మళ్లీ వృద్ధి చెందుతాయి. తీయించిన తేదీని, లోడ్ల సంఖ్యను, ఆనాటి మడ్డి కొలతను కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపున పెయింటుతో రాసి ఉంచితే, రెండేళ్ల తరువాత మళ్లీ కర్ర పట్టుకున్నప్పుడు మడ్డి ఎంత పెరిగిందో పోల్చి చూసుకోవచ్చు.