కీబోర్డు లేకుండా శోకగీతం పాడించాలంటే

గుడ్ ఫ్రైడేకో, చనిపోయినవారి ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకో, నవంబర్ 2న సమాధుల పండక్కో మీ క్వయర్‌తో వాద్యాలేవీ లేకుండా ఒక శోకగీతం పాడించాలని మీకుంటే, సికింద్రాబాద్‌లో మా చర్చి క్వయర్‌కి చాలా ఏళ్లుగా ప్రాక్టీస్ చేయిస్తున్న మనిషిగా నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. అన్నిటికంటే ముందు ఒకటి. బాధను నటించమని ఎవరికీ చెప్పకండి. ముఖం దీనంగా పెట్టి గొంతు వణికిస్తే వినేవాళ్ల కళ్లు పాడేవాళ్ల మీదే ఉండిపోతాయి. స్వరం ఉండాల్సిన చోట ఉండాలి, చెవి పక్కవాళ్ల మీద ఉండాలి. అంతవరకే మన పని. గుండె బరువెక్కించే పని పాట చూసుకుంటుంది.

నేను మొదలుపెట్టించే పాట థామస్ టామ్‌కిన్స్ స్వరపరచిన ‘వెన్ డేవిడ్ హర్డ్’. అయిదు పార్టులు, అంటే ఒకేసారి కలిసి పాడే అయిదు వేర్వేరు వరసలు. 1622లో అచ్చయింది. కొడుకు అబ్షాలోము చనిపోయాడని విని దావీదు గుమ్మం పైగదికి వెళ్లి ఏడ్చిన ఘట్టం అది, బైబిల్లో రెండో సమూయేలు 18:33. 1612లో ఇంగ్లండ్ రాజు జేమ్స్ పెద్దకొడుకు హెన్రీ 18 ఏళ్లకే పోయాడు. ఆ కాలంలో థామస్ వీల్క్స్ లాంటివాళ్లు కూడా ఇదే వచనానికి సంగీతం కట్టారు. రాజు ఇంట జరిగిన ఆ చావే దీనికి కారణమై ఉంటుందని చరిత్రకారులు భావిస్తారు. పాటకు కాపీరైట్ సమస్య లేదు, నోట్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇది మీ వాళ్లకు కష్టమనిపిస్తే బాగా అలవాటైన తెలుగు కీర్తననే నాలుగు పార్టుల్లో తీసుకోండి. కింద చెప్పేవన్నీ దానికీ పనికొస్తాయి.

మొదటి రోజు పాడించకండి, చదివించండి. ఇంగ్లిష్ పాటైనా ఆ వచనాన్ని తెలుగు బైబిల్లోంచి ఒక్కొక్కరితో పైకి చదివిస్తాను. ‘నా కుమారుడా’ అని అన్నిసార్లు ఎందుకు అనాల్సి వచ్చిందో చదివితేనే తెలుస్తుంది. మన ఊళ్లలో చావింట్లో ఆడవాళ్లు శోకాలు పెడతారే, పోయినవాళ్లను వరస పెట్టి పిలుస్తూ, అచ్చం అలాంటి పిలుపే ఇది. జరిగింది చెప్పే భాగం పాటలో త్వరగానే అయిపోతుంది. ఆ తర్వాత ఆ పిలుపే ఒక పార్టు నుంచి ఇంకో పార్టుకు అందుతూ పోతుంది. కాబట్టి పిలుపు అందుకునే పార్టు వినబడాలి, ముగించే పార్టు తగ్గాలి. ఈ ఒక్కటి పట్టుబడితే పాట సగం వచ్చినట్టే.

రెండో వారం శ్రుతి పని. హాల్లో ఫ్యాన్లు ఆపించండి, ఎండాకాలమైనా సరే. ఫ్యాన్ రొద చెవిని తనవైపు లాగుతుంది. అందరినీ గుండ్రంగా, ఎదురెదురుగా నిలబెట్టండి. బాస్ వాళ్లు (మగవాళ్లలో కింది గొంతులు) షడ్జమం, అంటే ‘స’ పట్టుకోవాలి, టెనర్లు (మగవాళ్లలో పై గొంతులు) పంచమం, అంటే ‘ప’ కలపాలి. ఆ రెండూ స్థిరపడ్డాకే ఆల్టోలు (ఆడవాళ్లలో కింది గొంతులు) అంతర గాంధారం, అంటే పెద్ద ‘గ’ వేయాలి. కీబోర్డుకు అలవాటుపడిన చెవి ఇక్కడ కాస్త తికమకపడుతుంది. మూడు స్వరాలూ అతుక్కుపోయేలా పలికే గాంధారం కీబోర్డు గాంధారం కంటే అర స్వరంలో (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) దాదాపు ఏడో వంతు దిగువన ఉంటుంది. అది దొరికిన క్షణాన గదిలో ఎవరూ పాడని పైస్వరం ఒకటి మోగినట్టు వినిపిస్తుంది. అక్కడే ఆపి, మళ్లీ పాడించి, ఆ చోటు వాళ్ల చెవిలో పడేదాకా ఉండండి.

ఇక అసలైన చోటు. ఈ పాటల్లో వినేవాళ్ల గుండె పట్టేసేది, ఒక పార్టు పాత స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉండగా మిగతా పార్టులు ముందుకు వెళ్లిపోయినప్పుడు. ఇలా నేర్పండి. ఆల్టోలు పై షడ్జమం పట్టుకోవాలి. వాళ్లు పాడుతుండగానే బాస్ పంచమానికి, టెనర్ రిషభానికి (‘రి’కి) వెళ్లాలి. ఇప్పుడు షడ్జమం, రిషభం ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఆల్టోలకు ఇబ్బందిగా ఉంటుంది, తప్పు పాడుతున్నామేమో అని టెన్షన్ పడి ముందే నిషాదానికి, అంటే షడ్జమం కిందున్న ‘ని’కి జారిపోతారు. జారనివ్వకండి. ఆ రాపిడిలో నిండుగా నిలబడాలి, చేతనైతే గొంతు కొంచెం పెంచాలి. మీరు సైగ చేశాక నిషాదానికి దిగాలి, దిగేటప్పుడు మెత్తగా. దిగగానే గదిలో అందరూ ఊపిరి వదులుతారు, మీరే చూస్తారు. పోయిన మనిషిని మనసు ఒప్పుకోక పట్టుకోవడం, చివరికి వదలడం, రెండూ ఆ రెండు స్వరాల్లోనే ఉన్నాయని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ప్రాక్టీస్ టైమంతా దీనికే పోయినా నాకు నష్టమనిపించదు.

ఊపిరి సంగతి చిన్నదే. పొడుగాటి వరసలో పక్కపక్క ఇద్దరు ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. మాట మధ్యలో మెల్లగా తప్పుకోవాలి, అంతే మెల్లగా తిరిగి కలవాలి. ఎవరి తర్వాత ఎవరో పెన్సిల్‌తో పేజీ మీదే రాయించండి.

పాడుతూ పాడుతూ ఎవరికో ఒకరికి ఏడుపు వస్తుంది. వస్తుందనే లెక్కలోనే ఏర్పాటు చేసుకోండి. ఏడుపొస్తే గొంతు బిగుసుకుంటుంది, అప్పుడు నెట్టి పాడితే కీచుమంటుంది. అందుకే మా దగ్గర నియమం: గొంతు పట్టేస్తే ఆగిపో, సారీ చెప్పకు, వీలైనప్పుడు కలువు. దీనికి ఒక్కో పార్టులో కనీసం ఇద్దరు ఉండి తీరాలి. కొడుకును పోగొట్టుకున్న అక్క ఒకరు మా ఆల్టోల్లో ఉన్నారు. ఈ పాట తీసుకునేముందు వాళ్లింటికి వెళ్లి అడిగాను. “పాడతానమ్మా, కానీ ఆ మాట దగ్గర నన్ను చూడొద్దు” అన్నారు. ఆ రోజు ‘మై సన్’ దగ్గర ఆవిడ గొంతు ఆగింది. పక్కనున్న అమ్మాయి తల తిప్పలేదు. భుజం ఆవిడకు ఆనించి, ఆ వరసను తనొక్కతే కాస్త గట్టిగా పట్టుకుంది. రెండు వరసల తర్వాత ఆవిడ గొంతు కలిసింది. వింటున్నవాళ్లలో ఎవరికీ తెలియలేదు. సోలో పాటలో ఈ వెసులుబాటు ఉండదు. దుఃఖంలో ఉన్నవాళ్లను క్వయర్‌లోంచి తప్పించకండి, అడగండి. వద్దంటే బలవంతపెట్టకండి.

వాద్యం లేనప్పుడు శ్రుతి దిగిపోవడం మామూలే. కిందికి దిగే వరసల్లో అడుగు చిన్నదిగా, పైకి ఎక్కేటప్పుడు పెద్దదిగా వేయమనండి. అలసట కూడా శ్రుతిని దించుతుంది కాబట్టి ఈ పాటను ప్రాక్టీస్ చివర్లో పెట్టకండి. చివరికి అర స్వరం దిగినా అందరూ కలిసి దిగితే కంగారు పడకండి, మధ్యలో సరిచేయబోతేనే చెడుతుంది.

పాడే రోజున పాస్టర్ గారితో ముందే రెండు విషయాలు మాట్లాడుకోండి. పాట అయ్యాక చప్పట్లు వద్దు, వెంటనే మైకులో ప్రకటనలు వద్దు. చివరి స్వరం ఆగాక మీ చేతులు కాసేపు పైనే ఉంచండి, దించాకే క్వయర్ కూర్చోవాలి.

సమాధుల తోటలో పాడేటప్పుడు గోడలు ఉండవు, గొంతు తిరిగి రాదు. మామూలుకన్నా దగ్గరగా, అర్ధచంద్రాకారంలో నిలబెట్టండి, బాస్ వాళ్లు మధ్యలో. కొవ్వొత్తుల వెలుగులో నోట్స్ కనబడవు, కాబట్టి మాటలు కంఠతా వచ్చి ఉండాలి. తడితే ఒకే స్థిరమైన స్వరం పలికే 440 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి జేబులో వేసుకోండి. జనం మధ్యలో ఫోన్ తీసి యాప్ వెతుక్కోవడం కంటే ఫోర్క్‌ను మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకోవడం తేలిక. ఆ స్వరం నుంచి ఒక్కో పార్టు మొదటి స్వరాన్ని మెల్లగా హమ్ చేసి ఇవ్వండి, బాస్‌తో మొదలుపెట్టి.