శనగ గింజతో డీఎన్ఏ చదవడం

డీఎన్ఏ లిపికి ఎ, టి, జి, సి అని నాలుగు అక్షరాలు, ఎ కి టి, జి కి సి జంట. నెట్రాప్సిన్ అనే యాంటీబయాటిక్ డీఎన్ఏలో ఎ-టి జంటలు వరుసగా ఉన్న చోటే అతుక్కుంటుంది. ఆక్టినోమైసిన్ అనే ఇంకొకటి జి తరువాత సి వచ్చే చోటు వెతుక్కుంటుంది. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే నేను ఈ రెండు వాక్యాలనూ ఏళ్ళ తరబడి బోర్డు మీద రాశాను. వాళ్ళు దించుకున్నారు, పరీక్షలో రాశారు, మార్కులూ వచ్చాయి. ఒకరోజు వెనక బెంచీ అబ్బాయి లేచి, "మందుకు కళ్ళు లేవు కదా మేడమ్, అక్షరాలు ఎలా చదువుతుంది?" అన్నాడు. పుస్తకంలోని రంగుల బొమ్మ చూపించాను. వాడికి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ కాలేదు.

జవాబు నక్కలగుట్టలోని సైకిల్ షాపులో దొరికింది. పంక్చరు వేసే ఆయన ట్యూబు లాగి పక్కన పడేసి, టైరు లోపలి వైపు వేలు పెట్టి చుట్టూ తడుముతున్నారు. కళ్ళు అటు లేవు, పక్కవారితో కబుర్లలో ఉన్నారు. వేలు ఒకచోట ఆగింది, తుమ్మ ముల్లు బయటికి వచ్చింది. మందు చేసేదీ ఇంతే. డీఎన్ఏ మెలిక వెంట ఉండే గాడిలో దిగి తడుముతుంది. ఏ ముల్లు ఎక్కడ తగులుతుందన్నదే దానికి తెలిసిన లిపి. ఆ రోజే రెండు పాత స్పోకులు అడిగి తెచ్చుకుని నమూనా మొదలుపెట్టాను. మీరూ చేయాలనుకుంటే ఒక ఆదివారం చాలు.

ముందు ఒక మాట. మెడికల్ షాపులో తరచూ అడిగే యాంటీబయాటిక్‌లు ఈ కోవలోకి రావు. అమోక్సిసిలిన్ బ్యాక్టీరియాను గోడ కట్టుకోనివ్వదు, అజిత్రోమైసిన్ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను పట్టుకుంటుంది. నేను చెబుతున్నవి నేరుగా డీఎన్ఏ మీదే కూర్చుంటాయి. డీఎన్ఏ మనలోనూ అదే కాబట్టి ఇవి మన కణాలకూ విషమే. ఆక్టినోమైసిన్‌ను 1940లో వాక్స్‌మన్, వుడ్రఫ్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశారు. ఇవాళ దానిని పిల్లల మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ కణితి వంటి క్యాన్సర్లకు వాడతారు. దగ్గుకూ జ్వరానికీ ఇచ్చే మందు కాదు.

ఇక పని. కొలత గుర్తుంచుకోండి: ఒక ఆంగ్‌స్ట్రామ్‌కు (మీటరులో వెయ్యి కోట్లో వంతు) 5 మిల్లీమీటర్లు. డీఎన్ఏ మెలిక అడ్డకొలత 20 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి అట్టపెట్టె నుంచి 10 సెంటీమీటర్ల అడ్డకొలతతో పన్నెండు బిళ్ళలు కోయండి. ఒక్కో బిళ్ళ ఒక క్షార జంట, అంటే ఒక ఎ-టి లేదా జి-సి జోడీ. జంటకూ జంటకూ మధ్య దూరం 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే మన లెక్కలో 17 మిల్లీమీటర్లు. అట్ట మందం పోను మిగిలినంత పొడవుకు పాత పెన్నుల గొట్టాలను ముక్కలు చేసి, స్పోకు మీద బిళ్ళకొకటి చొప్పున ఎక్కిస్తూ పోవాలి.

నేను బోల్తా పడ్డది ఇక్కడే. ప్రతి బిళ్ళ అంచున ఎదురెదురుగా రెండు గంట్లు పెట్టి, వాటి గుండా డీఎన్ఏ వెన్నెముకలకు గుర్తుగా రెండు పోగులను చుట్టాను. చూడముచ్చటగా వచ్చింది. మందు బొమ్మను పెడితే ఏ గాడిలోనైనా ఒకేలా పడింది. ఒక అమ్మాయి దగ్గరికి వచ్చి, "రెండు గాళ్ళూ సమానంగా ఉన్నాయి మేడమ్" అంది. నిచ్చెనను మెలిపెట్టినట్టు ఊహించుకోవడం వల్ల వచ్చిన తప్పు అది. క్షార జంట వెన్నెముకల్లోని రెండు చక్కెరలకూ ఎదురెదురుగా అతకదు, ఒక పక్కకు ఒరిగి అతుకుతుంది. అందుకే ఒక గాడి సన్నగా, ఇంకొకటి వెడల్పుగా ఉంటాయి. గంట్ల మధ్య ఒక వైపు 120 డిగ్రీలే ఉండాలి. ఆ రెండు గంట్లనూ కలుపుతూ గీత గీసి, గీతకు బయట ఉన్న ముక్కను కోసిపారేయండి. ఆ తిన్నని అంచే సన్న గాడికి, అంటే చిన్న గాడికి, అడుగు. మన కథంతా అక్కడే.

ఇప్పుడు ఆ అంచుకు గుర్తులు పెట్టాలి. ఎ-టి జంటలో అడెనీన్ నత్రజని ఒకటి, థైమీన్ ఆక్సిజన్ ఒకటి గాడిలోకి చూస్తుంటాయి. రెండూ హైడ్రోజన్ బంధాన్ని స్వీకరించేవే. వాటికి రెండు ఎర్ర బొట్టుబిళ్ళలు అంటించండి. జి-సి జంటకూ అలాగే రెండు బొట్లు, కానీ వాటి నడుమ ఒక శనగ గింజను ఫెవికాల్‌తో అతికించాలి. గ్వానీన్‌కు ఉన్న అమైనో గుంపు అది, గాడి మధ్యలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూడండి. ఎ-టి, టి-ఎ రెండూ ఒకేలా నున్నగా ఉంటాయి, ఏది ఏదో చెప్పలేరు. శనగ తగిలిందా, అది జి ఉన్న జంట. చిన్న గాడిలో తడిమే మందుకు మొదట అందే కబురు ఇదే.

బిళ్ళలను సి-జి-సి-జి-ఎ-ఎ-టి-టి-సి-జి-సి-జి వరుసలో ఎక్కించండి. ఎనిమిదింటికి శనగలు, నడుమ నాలుగు నున్నవి. 1985లో డికర్సన్ బృందం నెట్రాప్సిన్‌ను స్ఫటికంలో పట్టి చూసినది ఇదే వరుస మీద. ప్రతి బిళ్ళనూ కిందిదానికంటే 36 డిగ్రీలు తిప్పాలి. మెలిక మామూలు స్క్రూ మర తిరిగే వైపే ఉండాలి, ఎదురు తిరిగితే మొత్తం విప్పాల్సిందే. పై మూడు బిళ్ళలకు మాత్రం జిగురు వేయకండి, వాటితో తరువాత పని ఉంది. గంట్ల గుండా రెండు పాత చున్నీలను గట్టిగా మెలితిప్పి చుట్టండి. మెలితిప్పిన చున్నీ మూడు సెంటీమీటర్ల లావు ఉంటే చిన్న గాడికి రెండు సెంటీమీటర్ల సందు మిగులుతుంది. సన్నటి తాడు వాడితే గాడి లొడలొడలాడుతుంది.

మందుకు పాత హవాయి చెప్పు అడుగు కావాలి. దాని మందం ఒకటిన్నర సెంటీమీటరు, నెట్రాప్సిన్‌లోని చదునైన పిరోల్ వలయాల మందానికి కాస్త తక్కువ. పది సెంటీమీటర్ల పొడవున కొడవలిలా వంపు తిరిగిన ముక్క కోసి, లోపలి వంపుకు మూడు గుండుసూదులు గుచ్చండి. అవి మూడు అమైడ్ హైడ్రోజన్‌లు, బొట్లతో హైడ్రోజన్ బంధం కట్టేవి. ముక్కను నిలువుగా పట్టుకుని గాడిలోకి ఒత్తుతూ కిందికి జరపండి. సి-జి దగ్గర శనగలు ఎత్తిపట్టి లోనికి దిగనివ్వవు. ఎ-ఎ-టి-టి దగ్గరికి వచ్చేసరికి చటుక్కున కూర్చుంటుంది. ఒక్కో గుండుసూది పక్కపక్క జంటల బొట్లు రెండింటి నడుమకు చేరుతుంది. పిల్లల ముఖాలు చూడాల్సింది అప్పుడే. నెట్రాప్సిన్ లాంటిదే ఇంకో మందు డిస్టమైసిన్ కావాలంటే ఇంకొంచెం పొడవు ముక్క కోయండి. దానికి మూడు పిరోల్‌లు, ఐదు జంటల మేర కప్పుతుంది.

ఈ నమూనా ఒక చోట అబద్ధం చెబుతుంది. అసలు డీఎన్ఏలో గాడి అంతటా ఒకే వెడల్పున ఉండదు, ఎ-టి వరుస దగ్గర ఇంకా ఇరుకవుతుంది. మందును రెండు పక్కల నుంచీ ఒత్తి పట్టుకునేది ఆ ఇరుకే. చున్నీలను అక్కడ పిన్నీసుతో కొంచెం దగ్గరికి లాగితే సరిపోతుంది.

శనగ ఉన్న చోటా కూర్చునే మందు చేయగలమా? శనగ తగిలే చోట చెప్పు ముక్కకు చిన్న గుంట తవ్వండి. పిరోల్‌కు బదులు ఇమిడజోల్ వలయం పెట్టడమంటే అదే. అక్కడి నత్రజని అమైనో గుంపుకు చోటివ్వడమే కాక దాని హైడ్రోజన్‌ను అందుకుంటుంది కూడా. 1989లో డిస్టమైసిన్ అణువులు రెండు ఒకే గాడిలో పక్కపక్కన పడుకోగలవని పెల్టన్, వెమ్మర్ చూపించాక ఈ ఆలోచనకు ఊపు వచ్చింది. ఒక పక్క ఇమిడజోల్, ఎదురుగా పిరోల్ ఉంటే జి-సి. తారుమారైతే సి-జి. కాలిఫోర్నియాలో డెర్వన్ బృందం ఈ సూత్రంతో కోరిన వరుసకు సరిపడే అణువులు కట్టింది.

ఇప్పుడు జిగురు వేయని బిళ్ళలు. పై నుంచి రెండోది, మూడోది కలిసి జి తరువాత సి వచ్చే చోటు. ఆ రెండింటినీ విడదీసి మధ్యలో ఒక నారింజ రంగు అట్టముక్క దూర్చండి. చున్నీలు బిగుసుకుని బిళ్ళలు వాటంతటవే కాస్త వెనక్కి తిరగడం గమనించండి. 1961లో లెర్మన్ ఊహించినది ఇదే. చదునైన అణువు జంటల మధ్య దూరితే డీఎన్ఏ పొడవు పెరిగి మెలిక సడలుతుంది. ఆక్టినోమైసిన్ కూడా నిజంగా నారింజ ఎరుపే. అట్టముక్కకు సైకిల్ ట్యూబు నుంచి కోసిన రెండు వలయాలు కట్టి, చిన్న గాడిలో ఒకటి పైకి, ఒకటి కిందికి వేలాడదీయండి. అవి దాని పెప్టైడ్ వలయాలు. వాటిలోని థ్రియోనీన్ అనే అమైనో ఆమ్లాలు పైనా కిందా ఉన్న శనగలనే పట్టుకుంటాయి. నెట్రాప్సిన్‌కు అడ్డొచ్చిన ముల్లు దీనికి పిడి. ఎకినోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే రెండు పలకలతో స్టేపుల్ పిన్నులా సి తరువాత జి వచ్చే రెండు జంటలను నడుమ ఇరికిస్తుంది.

మందు ఎక్కడ కూర్చుందో ప్రయోగశాలలో తేల్చే పద్ధతి పోచంపల్లి నేతలో చిటికి కట్టడం లాంటిది. కట్టిన చోట నూలుకు రంగు అంటదు. డీఎన్ఏను కోసే ఎంజైమును వదిలితే మందు కప్పిన చోట కోత పడదు, ముక్కలను పొడవు వారీగా వేరుచేసే జెల్ మీద ఆ మేర ఖాళీ కనిపిస్తుంది.

నమూనాను వేసవి సెలవుల్లో బీరువా మీద పెట్టి వెళ్ళాను. వానలు మొదలయ్యాక దించితే శనగలకు పురుగు పట్టి సగం రాలిపోయాయి. విసుక్కుంటూ చెప్పు ముక్కను పెట్టి చూస్తే సి-జి దగ్గర కూడా హాయిగా దిగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇది పురుగు చేసిన పని మాత్రమే కాదు. అమైనో గుంపు లేని గ్వానీన్ ఉంది, ఇనోసిన్‌లో ఉండే క్షారం అదే. 1990ల్లో కేంబ్రిడ్జిలో వారింగ్, బాయి ఆ గుంపును జి నుంచి తీసేసి ఎ కి తగిలించిన డీఎన్ఏ తయారు చేశారు. ఎకినోమైసిన్ తన పాత చోట్లను వదిలి, గుంపు ఎక్కడికి మారిందో అక్కడికి వెళ్ళి కూర్చుంది.

ఇప్పుడు ఆఖరి క్లాసుకు అదే చేయిస్తాను. జి బిళ్ళల నుంచి శనగలు ఊడబెరికి ఎ బిళ్ళల మీద అతికించమంటాను. ఒకరి కళ్ళకు రుమాలు కట్టి చెప్పు ముక్క చేతికిస్తాను. మీరు చేసేటప్పుడు శనగలకు బదులు పూసలు వాడండి, పురుగు పట్టదు.